ధ్వనిముద్రణ చరిత్ర, జానపద గాయకుడి జీవితం: మిసిసిపి జాన్ హర్ట్ పాటల పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలోని మిసిసిపి రాష్ట్రానికి చెందిన నల్లజాతి గాయకుడు జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డులకు పాడాడు. తరువాత ముప్ఫై అయిదేళ్ల పాటు ఆయన పేరు రికార్డు ప్రపంచంలో వినిపించలేదు. 1963లో ఆయనను వెతికి పట్టుకొన్న తరువాత మరణించేవరకు విరివిగా పాడాడు. సంగీత చరిత్రకారులు ఈ ఉదంతాన్ని ‘అదృశ్యం’, ‘పునరావిష్కరణ’ అనే మాటలతో వర్ణిస్తూ వచ్చారు. ఆ మాటలు రికార్డుల చరిత్రకు వర్తిస్తాయే గాని గాయకుడి జీవితానికి వర్తించవనీ, ‘మిసిసిపి బ్లూస్ గాయకుడు’ అన్న గుర్తింపు సైతం చాలావరకు అమ్మకపు అవసరం నుంచి పుట్టిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1928లో విడుదలైన పన్నెండు పాటల వస్తురూపాలను అందుకు ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బ్లూస్, జానపద గేయం, ధ్వనిముద్రణ, వర్గీకరణ, ప్రాంతీయత, జాన్ హర్ట్.

1. ఉపోద్ఘాతం

జానపద గాయకుడి జీవితచరిత్ర రాయబూనిన పరిశోధకుడికి మొదట ఎదురయ్యేది ఆధారాల కొరత. ఆస్థాన కవికి కృతి అవతారిక ఉంటుంది, శాసనం ఉంటుంది, చాటువులైనా ఉంటాయి. పగలంతా పొలంలో పనిచేసి రాత్రి పూట పాడుకొన్న మనిషికి ఇటువంటివేవీ ఉండవు. ఇరవయ్యో శతాబ్దంలో గ్రామఫోను రికార్డు ఈ లోటును కొంతవరకు తీర్చింది. పాటతో పాటు పాడిన గొంతు, వాయించిన చేయి, పాడిన తేదీ సైతం పరిశోధకుడికి దక్కాయి. కాని రికార్డు ఒంటరిగా రాలేదు. దాని వెనుక ఒక వ్యాపారసంస్థ, ఆ సంస్థ అమ్మకాల జాబితా, ఆ జాబితాలోని విభాగాలు ఉన్నాయి. రికార్డును ఆధారంగా స్వీకరించిన పరిశోధకుడు చాలాసార్లు ఆ విభాగాలను కూడా తెలియకుండానే స్వీకరించాడు. రికార్డు ఉన్న కాలాన్ని కళాజీవితంగా, రికార్డు లేని కాలాన్ని శూన్యంగా లెక్కించే అలవాటు ఇలాగే స్థిరపడింది. ఈ అలవాటులోని దోషాన్ని జాన్ హర్ట్ ఉదంతం స్పష్టంగా చూపుతుంది.

2. ఆవలాన్: గాయకుడి నేపథ్యం

మిసిసిపి రాష్ట్రంలోని కరోల్ కౌంటీలో టియాక్ అనే చోట జాన్ హర్ట్ జన్మించాడు. పుట్టిన సంవత్సరం 1892 అని కొందరు, 1893 అని కొందరు రాశారు. పెరిగింది, జీవితంలో అధికభాగం గడిపింది సమీపంలోని ఆవలాన్ అనే చిన్న ఊరిలో. ఈ ఊరి ఉనికిని పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదు. మిసిసిపి డెల్టా అని పిలిచే పల్లపు నేల, విశాలమైన పత్తి తోటల నేల, ఆవలాన్ దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి కొండలు మొదలవుతాయి. డెల్టాలో నల్లజాతి కూలీల సంఖ్య ఎక్కువ, తోటలు పెద్దవి. కొండ ప్రాంతంలో కమతాలు చిన్నవి, నల్లవారూ పేద తెల్లవారూ పక్కపక్కనే సాగుచేసుకొనేవారు. హర్ట్ ఈ రెండింటి అంచున పెరిగాడు.

తొమ్మిదేళ్ల ప్రాయంలో గిటారు పట్టినట్లు హర్ట్ తరువాతి కాలంలో చెప్పాడు. ఇంటికి వచ్చిపోయే ఒక పెద్దమనిషి గిటారును, అందరూ నిద్రించాక రహస్యంగా తీసి వాయించి నేర్చుకొన్నాడట. ఆ తరువాత తల్లి ఒకటిన్నర డాలరు పెట్టి ఒక గిటారు కొని ఇచ్చింది. గురువు లేడు. బడి కొద్దికాలమే. పొలం పనులు, కొంతకాలం రైలుమార్గం పనులు చేశాడు. రైలుమార్గం పనిలో ఉండగానే, సుత్తితో మేకులు కొట్టే కూలీల పాట ఆయనకు పట్టుబడింది. శనివారాల్లో ఇరుగుపొరుగు ఇళ్లలో జరిగే నృత్యాలకు వాయించేవాడు. ఆ నృత్యాలు కొన్ని నల్లవారివి, కొన్ని తెల్లవారివి.

తెలుగు జానపద విజ్ఞానంలో వృత్తిగాయకులనూ వృత్తియేతర గాయకులనూ వేరుచేసి చూడటం పరిపాటి. ఆ దృష్టితో చూస్తే హర్ట్ రెండో కోవకు చెందుతాడు. ఆయన పాటను నమ్ముకొని ఊళ్లు తిరగలేదు. అదే కాలానికి చెందిన చార్లీ ప్యాటన్ వంటి డెల్టా గాయకులు తోట నుంచి తోటకు తిరుగుతూ పాటతోనే బతికారు. బ్లూస్ గాయకుడు అనగానే మనసులో మెదిలే దేశదిమ్మరి చిత్రం వారి నుంచి వచ్చింది. ఆ చిత్రంలో హర్ట్ ఇమడడు.

3. 1928 నాటి ధ్వనిముద్రణలు

హర్ట్‌ను రికార్డు సంస్థకు పరిచయం చేసింది ఒక తెల్లజాతి ఫిడేలు విద్వాంసుడు. కరోల్ కౌంటీకి చెందిన విల్లీ నార్మర్ ఫిడేలు వాయిస్తే షెల్ స్మిత్ గిటారు సహకారం అందించేవాడు. స్మిత్ రాలేని రోజున హర్ట్ ఆ స్థానంలో కూర్చొనేవాడు. నార్మర్‌కు ఓకే రికార్డు సంస్థలో పాడే అవకాశం లభించినప్పుడు, ఆ సంస్థ ప్రతినిధి టామీ రాక్‌వెల్‌కు హర్ట్ పేరు చెప్పాడు.

1928 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలో హర్ట్ ఎనిమిది పాటలు పాడాడు. అప్పటి అనుభవాన్ని ఆయన వృద్ధాప్యంలో వివరించాడు. ఒక పెద్ద హాలులో తనూ, రాక్‌వెల్, యంత్రం చూసే మనిషి తప్ప మరెవరూ లేరనీ, మైకును నోటి దగ్గరికి జరిపి తల కదపవద్దని ఆదేశించారనీ, తరువాత చాలా రోజులు మెడ నొప్పి పెట్టిందనీ చెప్పాడు. నలుగురి మధ్య, ఆడుతున్న కాళ్లను చూస్తూ వాయించే మనిషికి ఇది ఎంత కొత్త స్థితో ఊహించవచ్చు. ఆ రోజు పాడిన ఎనిమిదింటిలో ‘ఫ్రాంకీ’, ‘నోబడీస్ డర్టీ బిజినెస్’ అనే రెండు మాత్రమే విడుదలయ్యాయి.

అదే ఏడాది నవంబరులో రాక్‌వెల్ హర్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. న్యూయార్క్ వచ్చి పాడవలసిందనీ, ఆమోదించిన ప్రతి పాటకు 20 డాలర్లు, రానుపోను ఖర్చులు ఇస్తామనీ అందులో ఉంది. కనీసం ఎనిమిది పాటలు సిద్ధం చేసుకోవాలనీ, వాటిలో నాలుగైనా మొదటి రికార్డులోని రెండు పాటల వంటి పాతకాలపు పాటలు కావాలనీ కోరాడు. అలాంటివి దక్షిణాది అంతటా ప్రచారంలో ఉన్నాయని కూడా గుర్తుచేశాడు. ఈ వ్యాసానికి ఈ ఉత్తరం కీలకమైన ఆధారం. ‘పాతకాలపు పాటలు’ అన్నది ఆనాటి రికార్డు వ్యాపారంలో పల్లెప్రాంతపు తెల్లజాతి సంగీతానికి వాడిన పేరు. అంటే హర్ట్ దగ్గర ఉన్నది బ్లూస్ ఒక్కటే కాదని సంస్థకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆయన రికార్డులను నల్లజాతి కొనుగోలుదారులకు ఉద్దేశించిన 8000 వరుసలో విడుదల చేసింది. నార్మర్, స్మిత్‌ల రికార్డులు తెల్లవారికి ఉద్దేశించిన 45000 వరుసలో వచ్చాయి. ఒకే ఊరి చుట్టుపక్కల, ఒకే నృత్యంలో, కొన్నిసార్లు ఒకే బల్ల మీద కూర్చొని వాయించిన మనుషులు దుకాణంలో రెండు వేరు అరల్లోకి వెళ్లారు. నార్మర్, స్మిత్‌లు 1929లో చేసిన ప్రసిద్ధ రికార్డు పేరు ‘కరోల్ కౌంటీ బ్లూస్’ కావడం ఈ విభజనలోని అసంబద్ధతను మరింత ఎత్తిచూపుతుంది. కార్ల్ హాగ్‌స్ట్రమ్ మిల్లర్ 2010లో ప్రచురించిన ‘సెగ్రిగేటింగ్ సౌండ్’ గ్రంథంలో దక్షిణాది సంగీతాన్ని జాతులవారీగా విడదీయడంలో రికార్డు సంస్థల పాత్రను విస్తృతంగా చర్చించాడు. హర్ట్, నార్మర్‌ల జంట ఆ చర్చకు దగ్గరి ఉదాహరణ.

పేరు సంగతి కూడా ఇటువంటిదే. ఊరిలో ఆయన జాన్ హర్ట్. ‘మిసిసిపి’ అన్న మాటను ముందు చేర్చింది సంస్థ, అమ్మకం కోసం. ఇంటిపేరులా కనిపిస్తున్న ఈ మాట నిజానికి ఒక సరుకు చీటీ.

డిసెంబరు చివరి పది రోజుల్లో న్యూయార్క్‌లో హర్ట్ రెండు విడతలుగా పాడాడు. ఆ నగరంలో ఊరి మీద బెంగతో కట్టిన పాట ‘ఆవలాన్ బ్లూస్’. అందులో తన ఊరి పేరు చెప్పుకొన్నాడు. ఈ చిన్న వివరం తరువాతి కథకు మూలమైంది.

4. పన్నెండు పాటల వర్గీకరణ

1928 నాటి పాటల్లో అప్పట్లో విడుదలైనవి పన్నెండు. బ్లూస్ అనే గేయరూపానికి ఒక నిర్దిష్ట చరణ నిర్మాణం ఉంది. మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి, మూడో పాదంతో దానికి ముక్తాయింపు పలకడం ఆ రూపం ప్రధాన లక్షణం. ఈ కొలతతో చూస్తే హర్ట్ పాటలు ఆశ్చర్యకరమైన ఫలితాన్నిస్తాయి.

పన్నెండింటిలో ఆరు పాటల పేర్లలో ‘బ్లూస్’ అన్న మాట ఉంది. వాటిలో ‘ఆవలాన్ బ్లూస్’, ‘గాట్ ద బ్లూస్’, ‘బ్లూ హార్వెస్ట్ బ్లూస్’ అనే మూడు మాత్రమే పై నిర్మాణంలో నడుస్తాయి. ‘స్టాక్ ఓ లీ బ్లూస్’ ఒక హత్యోదంతం చెప్పే కథాగేయం. ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’ రైలుమార్గం కూలీల శ్రామికగేయం నుంచి పుట్టింది. ‘క్యాండీ మ్యాన్ బ్లూస్’ శృంగారధ్వనితో సాగే హాస్యగేయం, దాని నడక ర్యాగ్‌టైమ్ నృత్యసంగీతానిది. ఈ మూడింటికీ చివర బ్లూస్ అన్న మాట అతికించినట్లుగానే ఉంది.

తెలుగు జానపద గేయాలకు పరిశోధకులు ఏర్పరచిన వస్తువిభాగాన్ని ఇక్కడ అన్వయిస్తే చిత్రం మరింత స్పష్టపడుతుంది. ‘ఫ్రాంకీ’, ‘స్టాక్ ఓ లీ’, ‘లూయిస్ కాలిన్స్’ కథాగేయాలు. మొదటిదాని మూలం 1899లో సెయింట్ లూయిస్ నగరంలో ఫ్రాంకీ బేకర్ అనే యువతి తన ప్రియుడిని కాల్చిన సంఘటన. రెండోదాని మూలం అదే నగరంలో 1895 క్రిస్మస్ రాత్రి జరిగిన హత్య. మూడోది స్థానికంగా విన్న మాటలను ఆధారం చేసుకొని హర్ట్ స్వయంగా కట్టినది. ‘బ్లెసెడ్ బీ ద నేమ్’, ‘ప్రేయింగ్ ఆన్ ది ఓల్డ్ క్యాంప్ గ్రౌండ్’ పారమార్థిక గేయాలు. ఒకటి శ్రామికగేయం. మిగిలినవాటిలో ఎక్కువభాగం నృత్యాలకు, వినోదానికి పనికివచ్చే పాటలు. ఇలా ఒక గ్రామానికి కావలసిన పాటలన్నీ ఒక్క మనిషి దగ్గర ఉన్నాయి. పెళ్లికి, పనికి, ప్రార్థనకు, శనివారం రాత్రికి దేని పాట దానికి ఉంది. పాల్ ఆలివర్ 1984 నాటి ‘సాంగ్‌స్టర్స్ అండ్ సెయింట్స్’ గ్రంథంలో బ్లూస్‌కు ముందున్న ఇటువంటి బహువిధ గాయకులను ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. హర్ట్ వారికి దగ్గరివాడు.

‘లూయిస్ కాలిన్స్’ గురించి ఒక్క మాట అదనంగా చెప్పుకోవాలి. చంపినవాడి సాహసాన్ని కీర్తించే గేయాలు ఆ కాలంలో ఎక్కువ. ఈ పాట చచ్చినవాడి తల్లి దుఃఖంతో మొదలవుతుంది. హంతకుల మీద పాట ఎక్కువసేపు నిలవదు. కరుణరసాన్ని ఇంత తక్కువ మాటల్లో, గొంతు ఎత్తకుండా పోషించిన కథాగేయాలు ఆనాటి రికార్డుల్లో అరుదు. హర్ట్ రచనాశక్తిని అంచనా వేయడానికి ఈ పాట ఒక్కటి చాలు. అయినా బ్లూస్ చరిత్రల్లో దీనికి దక్కిన స్థానం తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. ఇది బ్లూస్ కాదు.

5. వాద్యశైలి, ప్రాంతీయత

హర్ట్ బొటనవేలితో మంద్రతంత్రులను ఒకదాని తరువాత ఒకటిగా, తాళం తప్పకుండా మీటుతాడు. అదే సమయంలో మరి రెండు వేళ్లు పై తంత్రుల మీద పాట స్వరాలను పలికిస్తాయి. ఆ స్వరాలు తాళపు దెబ్బ మీద కాక, దెబ్బల మధ్య ఎడంలో పడటం వల్ల వినేవారికి ఇద్దరు వాయిస్తున్న భ్రమ కలుగుతుంది. గొంతు మెత్తనిది, మాట్లాడుతున్నట్లే ఉంటుంది. కొన్నిచోట్ల పాదం చివరి మాటను పాడకుండా వదిలి గిటారు చేత పలికిస్తాడు.

డెల్టా బ్లూస్ లక్షణాలుగా విమర్శకులు చెప్పేవి వేరు: కరకు గొంతు, బరువైన లయ, తంత్రుల మీద సీసా మెడను జార్చి తీసే గమకాలు. హర్ట్ శైలి వీటికన్నా, వందల మైళ్ల దూరంలో ఉన్న కరోలినా, జార్జియా, వర్జీనియా రాష్ట్రాల పీడ్‌మాంట్ శైలిని పోలి ఉంటుంది. ఆయన ఆ ప్రాంతాల్లో నివసించలేదు, అక్కడి గురువుల దగ్గర నేర్చుకోలేదు. కాబట్టి పోలికను ప్రభావంగా చెప్పడం కుదరదు. నృత్యానికి ఒంటరిగా వాయించవలసిన గిటారు వాద్యకారుడు లయనూ పాటనూ రెండింటినీ తానే మోయాలి. ఆ అవసరం ఎక్కడ ఉన్నా ఇటువంటి పరిష్కారం ఏర్పడే అవకాశం ఉంది. అందువల్ల ఈ శైలిని భౌగోళిక వారసత్వంగా కన్నా సామాజిక సందర్భపు ఫలితంగా గుర్తించడమే సమంజసం. ‘మిసిసిపి’ అన్న చీటీ ఈ ప్రశ్నను అడగనివ్వకుండా చేసింది.

6. ‘అదృశ్యం’ ఎవరి దృష్టిలో?

1929 చివరలో మొదలైన ఆర్థికమాంద్యం రికార్డు పరిశ్రమను దెబ్బతీసింది. హర్ట్ రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. సంస్థ మళ్లీ పిలవలేదు. ఆయన పొలం పనులు, పశువుల పని చేసుకొంటూ ఆవలాన్‌లోనే ఉన్నాడు. ఇదే ‘అదృశ్యం’.

1952లో హ్యారీ స్మిత్ ఫోక్‌వేస్ సంస్థ కోసం 84 పాత రికార్డులతో ఒక సంకలనం కూర్చాడు. అందులో హర్ట్ పాటలు రెండున్నాయి. స్మిత్ గాయకుల జాతిని ఎక్కడా పేర్కొనలేదు, రికార్డు సంస్థల విభాగాలను పాటించలేదు. ‘ఫ్రాంకీ’ని కథాగేయాల సంపుటిలో, ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’ను మరో సంపుటిలో ఉంచాడు. హర్ట్ తెల్లజాతి పల్లె గాయకుడు కాడని చాలామందికి తెలియడానికి ఏళ్లు పట్టిందని స్మిత్ తరువాత సంతోషంగా చెప్పుకొన్నాడు. శ్రోతల ఈ పొరపాటు విలువైన సాక్ష్యం. రికార్డు మీది వరుస సంఖ్యను తొలగిస్తే, పాటలో జాతిని గుర్తించే చిహ్నం మిగలలేదు.

1963లో రిచర్డ్ స్పాట్స్‌వుడ్, టామ్ హాస్కిన్స్ అనే యువ సేకర్తలు ‘ఆవలాన్ బ్లూస్’ విని, పాత అట్లాసులో ఆ ఊరిని వెతికారు. హాస్కిన్స్ కారులో వెళ్లి ఊరిలో అడిగితే, ఇల్లు చూపించారు. అంతే. ముప్ఫై అయిదేళ్లు కనిపించకుండా పోయిన మనిషి చిరునామా ఊరివాళ్లందరికీ తెలుసు.

ఈ సన్నివేశాన్ని వర్ణించిన వ్యాసాలు సాధారణంగా ఇక్కడ ఉప్పొంగిపోతాయి. హర్ట్‌కు మొదట కలిగింది మాత్రం భయం. వచ్చినవాడు ప్రభుత్వ నిఘా విభాగం మనిషి అయి ఉంటాడని తాను అనుకొన్నట్లు ఆయన తరువాత చెప్పాడు. దీన్ని పల్లెటూరి అమాయకత్వంగా, నవ్వుకొనే పిట్టకథగా తిరిగి చెప్పడం సరికాదు. 1963 తొలినెలల్లో ఆవలాన్‌కు సమీపంలోని గ్రీన్‌వుడ్ పట్టణంలో నల్లజాతీయుల ఓటర్ల నమోదు ఉద్యమం నడుస్తోంది. ఫిబ్రవరి చివర ఆ పట్టణం దగ్గర ఒక ఉద్యమ కార్యకర్తపై కాల్పులు జరిగాయి. జూన్‌లో అదే రాష్ట్రపు రాజధాని జాక్సన్‌లో మెడ్గర్ ఎవర్స్ హత్యకు గురయ్యాడు. ఆ రోజుల్లో, ఆ చోట, కారు దిగి పేరు పెట్టి పిలిచే తెల్లవాడిని చూసి ఏడుపదుల నల్లజాతి కూలీ భయపడటంలో వింత లేదు. సంగీత చరిత్రలు ఈ రాజకీయ సందర్భాన్ని చాలావరకు పక్కకు నెట్టి, వెతికినవారి ఉత్సాహం వైపు నుంచే కథను నడిపాయి. 2011లో వెలువడిన ఫిలిప్ రాట్‌క్లిఫ్ జీవితచరిత్ర కుటుంబసభ్యుల, ఊరివారి జ్ఞాపకాలకు చోటిచ్చి ఈ లోపాన్ని కొంతవరకు సవరించింది.

అప్పటికి హర్ట్ దగ్గర సొంత గిటారు లేదు. హాస్కిన్స్ తెచ్చిన గిటారు అందుకొన్నాడు. దీన్ని కూడా సంగీతం వదిలేసినదానికి రుజువుగా చూపుతారు. కాని కొద్దినెలల్లోనే, జూలైలో, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆయన పాడిన పాటల సంఖ్య 1928లో విడుదలైనవాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ముప్ఫై అయిదేళ్లు మూగబోయిన గాయకుడి దగ్గర ఇన్ని పాటలు ఇంత నిర్దుష్టంగా నిలిచి ఉండటం సాధ్యం కాదు. మూగబోయింది రికార్డు ఒక్కటే.

7. రెండో దశ ధ్వనిముద్రణలు

1963 జూలై చివర న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో హర్ట్ పాడాడు. తరువాతి మూడేళ్లు కాఫీ హౌసులు, విశ్వవిద్యాలయాలు, పెద్ద సభలు. కొంతకాలం వాషింగ్టన్ నగరంలో నివసించాడు. ఆయన ‘కాఫీ బ్లూస్’ పాటలోని ఒక మాట నుంచే లవిన్ స్పూన్‌ఫుల్ అనే రాక్ బృందం తన పేరు తీసుకొంది. వాన్‌గార్డ్ సంస్థ 1966లో విడుదల చేసిన ‘టుడే’ ఆల్బమ్ 2009లో అమెరికా జాతీయ ధ్వనిముద్రణ జాబితాలో చేరింది.

రెండు దశల రికార్డులను పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది. 1928 నాటి ‘ఫ్రాంకీ’ వేగంగా, ఆగకుండా దూసుకుపోతుంది. అది కాళ్లు కదిలించే సంగీతం, పైగా రికార్డు పక్క మూడు నిమిషాలకు మించి పట్టదు. అరవైల నాటి పాటల్లో వేగం తగ్గింది, గొంతు దిగింది, చరణాలు పెరిగాయి. వయసు ఒక కారణం. శ్రోతలు మారడం అంతకన్నా ముఖ్యమైన కారణం. ఈ కొత్త శ్రోతలు నృత్యం చేయరు, కూర్చొని నిశ్శబ్దంగా వింటారు. వారి కోసం హర్ట్ తన పాటను మార్చుకొన్నాడు. శుద్ధమైన పాత సంగీతం విన్నామని తృప్తిపడిన శ్రోతలే దాన్ని కొత్తగా మలిచారన్న సంగతి ఆనాటి సమీక్షల్లో కనిపించదు.

ఆ సమీక్షలు మరొక చిత్రాన్ని నిర్మించాయి: చిరునవ్వు, పాత టోపీ, కల్మషం లేని మెత్తని వృద్ధుడు. ఆయన సౌమ్యతను సన్నిహితులందరూ ధ్రువీకరించారు, అందులో సందేహానికి తావు లేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ చిత్రం పాటలను కప్పివేసింది. హత్యలు, మోసాలు, పచ్చి శృంగారం ఉన్న గేయాలను అదే చిరునవ్వుతో పాడే మనిషిలో ఒక నేర్పరి ఉన్నాడు. ఆ నేర్పును అమాయకత్వమని పిలిస్తే ఆయనకు గౌరవం దక్కినట్లు కాదు. మొదటి దశలో ‘మిసిసిపి’ చేసిన పనినే రెండో దశలో ఈ ‘సాధువు’ చిత్రం చేసింది.

సేకర్తలు ఏర్పరచుకొన్న సంస్థతో హర్ట్‌కు ఒప్పందం ఉంది, ఆయన సంపాదనలో దానికి వాటా ఉంది. మరణానంతరం ధ్వనిముద్రణల హక్కులు న్యాయస్థానానికి వెళ్లాయి. అయితే ఈ సేకర్తల పూనిక లేకపోతే, ‘లూయిస్ కాలిన్స్’ను రెండోసారి పాడిన గొంతు నేడు ఎవరికీ దక్కేది కాదన్నది కూడా అంతే వాస్తవం. ఈ రెండింటిలో దేన్నీ మరొకదానితో కొట్టివేయడానికి వీలులేదు.

హర్ట్ చివరి ధ్వనిముద్రణలు 1966లో న్యూయార్క్‌లో జరిగాయి. ఆ ఏడాది నవంబరు 2న మిసిసిపిలోని గ్రెనేడాలో మరణించాడు. ఆ పాటలు 1972లో గాని విడుదల కాలేదు. ఆయనను రికార్డు ప్రపంచానికి మొదట పంపిన విల్లీ నార్మర్ 1961లోనే మరణించాడు, హాస్కిన్స్ కారు ఆవలాన్ చేరడానికి రెండేళ్ల ముందు. 1920లలో ఆ ఊరి నృత్యాల్లో ఇద్దరూ కలిసి ఏమి వాయించేవారో చెప్పగలిగిన రెండో మనిషి ఆయన.